త్రీఫేజ్ మీటరున్న ఇంట్లో కారు ఛార్జింగ్: 22 కిలోవాట్ల పెట్టె కొనేముందు

మీరు అడిగింది ఇదీ: నల్గొండలో కొత్త ఇల్లు, 5 కిలోవాట్ల త్రీఫేజ్ కనెక్షన్, నెక్సాన్ ఈవీ కారు, గోడకు 7.2 కిలోవాట్ల ఛార్జర్. కారు పెట్టిన కాసేపటికి ఒక ఫేజ్ ఫ్యూజ్ పోతోంది. "త్రీఫేజ్ ఎలాగూ ఉంది కాబట్టి 22 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకోండి, మూడు రెట్లు వేగంగా ఎక్కుతుంది" అని ఎవరో సలహా ఇచ్చారు. అది నిజమా, లోడు ఎంతకు పెంచుకోవాలి అన్నది మీ సందేహం.

ఆ 22 కిలోవాట్ల పెట్టె మీ కారుకు ఒక్క నిమిషం కూడా ఆదా చేయదు. ఆ డబ్బును ఎర్తింగ్‌కు, న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు), మంచి కేబుల్‌కు పెట్టండి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇళ్ల వైరింగ్, బోరు మోటార్ల ప్యానెళ్లు చూసుకుంటూ వచ్చినవాడిని. ఈ మధ్య కార్ల ఛార్జర్లు ఎక్కువగా బిగిస్తున్నాను. ఇక్కడి నేల, ఇక్కడి ఎండ, ఇక్కడి లైన్ల తీరు దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

గోడకు బిగించే పెట్టె బ్యాటరీని ఛార్జ్ చేయదు. అది భద్రతా పరీక్షలు చేసి కరెంటు వదిలే స్విచ్చు మాత్రమే. ఇన్ని ఆంపియర్ల వరకు తీసుకోవచ్చని ఒక సన్నని సంకేత తీగ ద్వారా కారుకు తెలియజేస్తుంది. ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే అసలు ఛార్జర్ కారు లోపల ఉంటుంది. మీ కారులో దాని సామర్థ్యం 7.2 కిలోవాట్లు, అదీ సింగిల్ ఫేజ్. కారుకు తగిలించే టైప్-2 ప్లగ్గులో ఏడు పిన్నులుంటాయి: మూడు ఫేజ్‌లకు మూడు, న్యూట్రల్, ఎర్త్, సంకేతాలకు రెండు. మీ కారు ఆ మూడు ఫేజ్ పిన్నుల్లో ఒక్కదాన్నే వాడుకుంటుంది. 22 కిలోవాట్లంటే మూడు ఫేజ్‌ల మీద తలా 32 ఆంపియర్లు. అందులో మీకు అందేది ఒక్క ఫేజ్‌లోని 32 ఆంపియర్లే. ఇప్పుడున్న పెట్టె ఇస్తున్నదీ అంతే.

లోపల త్రీఫేజ్ ఛార్జర్ ఉన్న కార్ల లెక్క వేరు. క్రెటా ఎలక్ట్రిక్, మహీంద్రా బీఈ 6 వంటివి త్రీఫేజ్ మీద 11 కిలోవాట్ల దాకా తీసుకోగలవు. త్రీఫేజ్ మీటరుకు నిజమైన ప్రయోజనం అలాంటి కారుతోనే, ఆ ప్రయోజనం కూడా వేగం ఒక్కటే కాదు. ఆ కారుకు ఫేజ్‌కు 10 ఆంపియర్లే ఇచ్చినా మొత్తం 6.9 కిలోవాట్లు అందుతాయి. సింగిల్ ఫేజ్ కారుకు అంత శక్తి ఇవ్వాలంటే ఒకే తీగలో 30 ఆంపియర్లు పంపాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే మందం తీగల్లో త్రీఫేజ్ కారు పుట్టించే వేడి ఆరో వంతే. న్యూట్రల్ మీద భారం దాదాపు ఉండదు, ఏ ఫేజూ అలసిపోదు. ఇంకా కారు కొననివాళ్లు, ఇంటికి త్రీఫేజ్ ఉన్నవాళ్లు ఈ సంగతి షోరూములో అడిగి తెలుసుకోవడం మంచిది. బ్యాటరీ ఎంత అని అడుగుతారు, రేంజ్ ఎంత అని అడుగుతారు, లోపలి ఏసీ ఛార్జర్ ఎన్ని ఫేజ్‌లది అని మాత్రం ఎవరూ అడగరు.

ఇక ఫ్యూజ్ సంగతి. 5 కిలోవాట్లను మూడు ఫేజ్‌లకు సమానంగా పంచితే ఒక్కో దానికి వచ్చేది 7 ఆంపియర్ల పైచిలుకు. మీ కారు ఒక్కటే ఒక ఫేజ్ నుంచి 32 ఆంపియర్లు లాగుతోంది. అంటే ఇంటి మొత్తానికి మంజూరైన లోడు కంటే ఎక్కువ బరువు ఒకే తీగ మీద పడుతోంది. అదే ఫేజ్ మీద టన్నున్నర ఏసీ ఉంటే ఇంకో 7, 8 ఆంపియర్లు, గీజరు వేస్తే ఇంకో 9. అన్నీ కలిసిన రోజు 50 ఆంపియర్లకు దగ్గరపడుతుంది. ఫ్యూజ్ పోవడమంటే అది తన పని తాను చేయడమే. దయచేసి లావు తీగ మాత్రం వేయించకండి. ఫ్యూజ్ పోకుండా నిలబడితే, తర్వాత కాలేది మీటరు టెర్మినల్, ఆ తర్వాత సర్వీస్ వైరు. మీటరు ముఖం మీద 10-60 ఆంపియర్లు అనో మరొకటో రాసి ఉంటుంది. ముందు అది చూడండి.

మన ఊళ్లలో త్రీఫేజ్ మీటరు తీసుకునే ఇళ్లలో చాలా వాటికి కారణం లోడు కాదు, ఒక ఫేజ్ పోతే ఇంకో ఫేజ్ మీదికి మారవచ్చన్న ధీమా. మీటరు పక్కన తిప్పే స్విచ్చు ఒకటి ఉంటుంది. మే నెల రాత్రి ఒక ఫేజ్ పోగానే ఇంట్లో ఎవరో ఒకరు లేచి దాన్ని తిప్పుతారు. ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీలు అన్నీ ఒక్కసారిగా ఇంకో ఫేజ్ మీదికి వెళ్తాయి. ఆ ఫేజ్ మీదే కారు 32 ఆంపియర్లు లాగుతూ ఉంటే? నేను చూసిన కాలిపోయిన మీటరు బోర్డుల్లో ఈ కథే ఎక్కువ. అందుకే కారు లైనును ఫేజ్ సెలెక్టరుతో ముడిపెట్టకూడదు. మెయిన్ స్విచ్చు తర్వాత నుంచి విడిగా లాగి, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెంచే స్విచ్చు), సొంత ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే తెంచే స్విచ్చు) పెట్టాలి. సెలెక్టరును మిగిలిన రెండు ఫేజ్‌ల మధ్యే తిరిగేలా మార్పించండి. కొత్త ఛార్జర్లలో కొన్నింటికి మెయిన్ తీగల చుట్టూ తగిలించే సెన్సర్ వస్తుంది. ఇంటి వాడకం పెరిగితే కారుకు ఇచ్చే కరెంటును దానంతట అదే తగ్గిస్తుంది, కనిష్ఠంగా 6 ఆంపియర్ల దాకా. 22 కిలోవాట్ల పెట్టెకు పెట్టే అదనపు డబ్బులో కొంత దీనికి పెడితే సార్థకం.

ఏ ఫేజ్ మీద కారు పెట్టాలన్నది ఊహించి చెప్పేది కాదు. రాత్రి ఎనిమిది గంటల వేళ, ఇంట్లో రోజూ నడిచేవన్నీ నడుస్తుండగా టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటరుతో) మూడు ఫేజ్‌లనూ, న్యూట్రల్‌నూ కొలిపించండి. తక్కువ కరెంటు ఉన్న ఫేజ్ కారుకు. ఆ ఫేజ్ మీద ఏసీ గానీ గీజరు గానీ ఉంటే పక్క ఫేజ్‌కు మార్పించండి. బోరు మోటారు అలవాటుతో కొందరు ఎలక్ట్రీషియన్లు ఫేజ్‌ల వరుస సరిచూడాలంటారు. వరుస తప్పితే మోటారు ఎదురు తిరుగుతుంది గానీ కారుకు ఆ బాధ లేదు, లోపలికి వెళ్లాక అంతా డీసీయే.

న్యూట్రల్ గురించి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే త్రీఫేజ్ ఇళ్లలో నాకు అన్నిటికంటే భయం దాని మీదే. కారు ఒక ఫేజ్ నుంచి 32 ఆంపియర్లు తీసుకుంటూ, మిగతా రెండు ఫేజ్‌ల మీద చెరో 5 ఆంపియర్లు నడుస్తుంటే, న్యూట్రల్‌లో సుమారు 27 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అదీ గంటల తరబడి. స్తంభం మీద న్యూట్రల్ జాయింటు వదులుగా ఉంటే ఇన్నాళ్లూ 5, 6 ఆంపియర్లకు బయటపడని లోపం ఇప్పుడు బయటపడుతుంది. జాయింటు వేడెక్కుతుంది, తుప్పు పడుతుంది, ఒక రోజు విడిపోతుంది. విడిపోయిన క్షణాన ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య ఉన్న 415 వోల్టులు మీ ఇంట్లోని వస్తువుల మధ్య పంపకమవుతాయి. ఎక్కువ లోడు ఉన్న ఫేజ్‌లో వోల్టేజీ పడిపోతుంది, తక్కువ లోడు ఉన్న ఫేజ్‌లో 350 దాటి పోవచ్చు. కారు ఉన్నది ఎక్కువ లోడు ఫేజ్ కాబట్టి అది వోల్టేజీ తక్కువైందని ఆగిపోతుంది. ఈలోపే పక్క ఫేజ్ మీదున్న టీవీ, ఫ్రిజ్, ఎల్‌ఈడీ బల్బులు కాలిపోతాయి. జనం అప్పుడు కారును తిడతారు. తప్పు జాయింటుది.

కాబట్టి ఛార్జర్ బిగించే ముందే లైన్‌మన్‌తో స్తంభం దగ్గరా, మీటరు దగ్గరా న్యూట్రల్ జాయింటు విప్పించి, శుభ్రం చేయించి, సరైన కనెక్టరుతో బిగింపించండి. చేత్తో మెలిపెట్టిన జాయింటు ఒప్పుకోకండి. న్యూట్రల్ తీగ ఫేజ్ తీగ మందమే ఉండాలి. న్యూట్రల్‌లో ఎక్కడా ఫ్యూజ్ ఉండకూడదు. పాత బోర్డుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది, ఉంటే ముందు తీయించండి. మెయిన్ తర్వాత ప్రతి ఫేజ్‌నూ గమనించి వోల్టేజీ 270 దాటినా, 180 కిందికి పడినా తెంచేసే రిలే ఒకటి పెట్టించండి. ఇంట్లో కాలే సామాన్ల ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

ఎర్తింగ్ అంతకంటే ముఖ్యం. నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దాకా చాలాచోట్ల పైన రెండు మూడు అడుగుల ఎర్ర చెల్క, కింద రాయి. వర్షాకాలంలో బాగుండే ఎర్త్ గుంత ఏప్రిల్ వచ్చేసరికి ఎండిపోయి నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్యాన్‌కూ, ఫ్రిజ్‌కూ ఆ సంగతి తెలియదు. కారు ఛార్జర్ మాత్రం మొదలుపెట్టే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది, బాగోలేకపోతే ఎర్రలైటు వేసి నిరాకరిస్తుంది. వేసవిలో "ఛార్జర్ చెడిపోయింది" అని వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం ఎండిన గుంతే.

అప్పుడు కొందరు చేసే పని గురించి గట్టిగా చెప్పాలి. సాకెట్ వెనక న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ఒక ముక్క తీగ కలుపుతారు. ఛార్జర్ మోసపోయి పని మొదలుపెడుతుంది, ఇంటాయన సంతోషిస్తాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడైనా న్యూట్రల్ విడిపోతే ఫేజ్ కరెంటు కారు లోపలి నుంచి తిరిగి ఎర్త్ తీగ మీదుగా కారు బాడీకే చేరుతుంది. వాన పడి తడిసిన నేల మీద నిలబడి పిల్లలు కారు తలుపు పట్టుకుంటే ఏమవుతుందో నేను రాయనక్కర్లేదు. ఎవరు ఈ సలహా ఇచ్చినా ఆ మనిషిని మళ్లీ మీ మీటరు బోర్డు దగ్గరికి రానివ్వకండి.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. కారు లైనుకు వీలైతే రెండు ఎర్త్‌లు వేయించి కలపండి, వాటి మధ్య దూరం ఒక్కో రాడ్ పొడవుకు రెండింతలు ఉంటే మంచిది. నాలుగు అడుగులకే రాయి తగిలితే గడ్డపారలతో కుస్తీ పట్టకుండా చిన్న డ్రిల్లింగ్ యంత్రంతో రంధ్రం వేయించి, రాడ్ దింపి, చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమన్ను) నింపించండి. ఉప్పు, బొగ్గు పద్ధతి కూడా పనిచేస్తుంది గానీ దానికి వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి, ఉప్పు కొన్నేళ్లకు పైపును తినేస్తుంది. బోరు కేసింగ్‌కు కట్టేస్తే చాలనేవారుంటారు. ఇప్పటి కేసింగులు ఎక్కువగా పీవీసీ, వాటికి కట్టడం గాలికి కట్టడమే. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో కొలిపించి 5 ఓమ్‌లలోపు ఉందో లేదో చూడండి, మళ్లీ మే నెలలో ఒకసారి కొలిపించండి. నిజమైన పరీక్ష మే నెలదే. ఛార్జర్ నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కూడా చూడండి. రెండు మూడు వోల్టులు మించితే న్యూట్రల్ గానీ ఎర్త్ గానీ సరిగా లేదని అర్థం.

ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది తప్పనిసరి. ఇళ్లలో మామూలుగా వాడే టైప్-ఏసీ ఆర్‌సీసీబీ కారుకు సరిపోదు. కారు వైపు నుంచి డీసీ లీకేజీ వస్తే అది మొద్దుబారి, అసలు ప్రమాదం వచ్చినప్పుడు తెగదు. మీ పెట్టెలో 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందని కాగితాల్లో రాసి ఉంటే టైప్-ఏ చాలు. లేకపోతే టైప్-బి కావాలి, అది ఖరీదైనది. ఐఎస్ 17017 ప్రమాణానికి తగ్గ పెట్టెనే కొనండి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఉరుముల వానలు ఎక్కువ కాబట్టి సర్జ్ ప్రొటెక్టరు (పిడుగుల వల్ల ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని అడ్డుకునేది) కూడా వేయించండి.

కేబుల్ విషయంలో ఒక్క లెక్క చూడండి. మీటరు నుంచి కారు నిలిపే చోటికి 30 మీటర్లనుకుందాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 32 ఆంపియర్లు నడిస్తే దారిలోనే దాదాపు 280 వాట్లు వేడిగా పోతాయి. 6 అయితే 190, 10 అయితే 110. ఆ వేడి గోడలోని పైపులోనే ఉండిపోతుంది. గీజరు పావుగంట నడిచి ఆగుతుంది, కారు ఐదారు గంటలు ఆగకుండా లాగుతుంది. తక్కువ దూరానికి 6, ఇరవై మీటర్లు దాటితే 10 వేయమంటాను. ఎంసీబీ కూడా అంతే: మన ఇళ్లలో వాడే ఎంసీబీలను 30 డిగ్రీల దగ్గర సరిచేసి ఇస్తారు. నల్గొండ మే నెల మధ్యాహ్నం, పడమటి గోడ మీద ఇనుప పెట్టెలో అది 55 డిగ్రీల్లో ఉంటుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ మీద 32 ఆంపియర్ల లోడు నిలబడదు. 40 ఆంపియర్లది పెట్టి, దానికి తగ్గ కేబుల్ వేయాలి, పెట్టె నీడలో ఉండాలి. టెర్మినళ్లలోకి లగ్గులు వేసి బిగించాలి, నెల తర్వాత ఒకసారి మళ్లీ బిగించాలి.

ఇంతకీ మీకు ఎంత వేగం కావాలి? నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లి రావడం సుమారు 200 కిలోమీటర్లు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన బ్యాటరీలోంచి 28, 29 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కలిపితే మీటరులో 32, 33. కారుకు ఇచ్చే కరెంటును 20 ఆంపియర్లకు తగ్గించి పెట్టుకుంటే 4.6 కిలోవాట్లు, ఏడు గంటల్లో నిండిపోతుంది. రాత్రి పదకొండుకు మొదలుపెడితే తెల్లారేసరికి సిద్ధం. ఆ వేళ వోల్టేజీ కూడా బాగుంటుంది. సాయంత్రం అందరి ఏసీలూ నడిచి వోల్టేజీ 190కి పడిపోయినప్పుడు 32 ఆంపియర్లు లాగినా దక్కేది 6 కిలోవాట్లే. చాలా పెట్టెల్లో గరిష్ఠ కరెంటును యాప్‌లో గానీ, లోపలి స్విచ్చుతో గానీ తగ్గించుకోవచ్చు. మీకు నా సలహా: ఇవాళే 16 ఆంపియర్లకు తగ్గించండి. న్యూట్రల్, ఎర్త్, కేబుల్ పనులు పూర్తయి, లోడు పెరిగాక 20 లేదా 24కు పెంచుకోండి. 32 మీకు అవసరమయ్యే రోజులు తక్కువ.

లోడు ఎంతకు పెంచాలంటే, కారును 20 ఆంపియర్లకు కట్టడి చేస్తే మీ ఇంటికి 9 లేదా 10 కిలోవాట్లు సరిపోతాయి. పూర్తి 7.2 కావాలంటే 12 పెట్టుకోండి. మీటరు గరిష్ఠ వాడకాన్ని నమోదు చేస్తుంది, అది మంజూరైన లోడును దాటితే నోటీసు వస్తుంది. అంతవరకు ఆగకుండా మీరే మన విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు చేయడం మేలు, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎంతో వాళ్లకూ తెలుస్తుంది. స్థిర ఛార్జీ నెలకు కిలోవాట్‌కు 10 రూపాయలే, నెల వాడకం 800 యూనిట్లు దాటితేనే అది 50.

బిల్లు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. ఇంటికి నెలకు 250 యూనిట్లు, కారుకు 320 అనుకుందాం. ఇల్లు ఒక్కటే అయితే కరెంటు ఛార్జీ 1,405 రూపాయలు. రెండూ ఒకే మీటరులో కలిస్తే 570 యూనిట్లకు 4,305. అంటే కారు యూనిట్ ఒక్కోటి 9 రూపాయల పైన పడుతోంది, ఎందుకంటే అవన్నీ పై శ్లాబుల్లో చేరతాయి. ఈవీ ఛార్జింగ్ కేటగిరీలో విడి కనెక్షన్ తీసుకుంటే యూనిట్ 6 రూపాయలు. దానికి స్థిర ఛార్జీ, రెండో మీటరు ఖర్చు వేరే ఉంటాయి. నెలకు 250, 300 యూనిట్లు కారుకే వాడేవారికి విడి మీటరు గిట్టుబాటు. వంద యూనిట్లు కూడా వాడనివారికి అక్కర్లేదు. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుతున్న ఇళ్లవారు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. కారు వల్ల 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

చివరగా మీరు ప్రస్తావించిన తోట బోరు సంగతి. అక్కడ త్రీఫేజ్ ఉచితంగా వస్తోంది కదా, కారును అక్కడ పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దు. వ్యవసాయ కనెక్షన్‌ను వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. చట్టం పక్కన పెట్టినా, మోటారుకు న్యూట్రల్ అవసరం లేదు కాబట్టి చాలా స్టార్టర్ డబ్బాల దాకా న్యూట్రల్ తీగే రాదు. బల్బు వెలిగించుకోవడానికి ఒక ఫేజ్ తీసుకుని రెండో తీగను భూమిలో దిగ్గొట్టడం పొలాల్లో చూస్తుంటాం. ఒక బల్బుకే అది తప్పు. 15, 20 ఆంపియర్లు ఆ ఇనుప కడ్డీ గుండా భూమిలోకి దిగితే చుట్టుపక్కల నేలంతా కరెంటు పాకుతుంది. దగ్గర్లో మేస్తున్న గొడ్డుకు ముందు కాళ్ల కింద ఒక వోల్టేజీ, వెనక కాళ్ల కింద ఇంకొకటి ఉంటుంది, నిలబడ్డచోటే పడిపోతుంది.

రాత్రి ఎనిమిదికి మూడు ఫేజ్‌ల కరెంటు, వోల్టేజీ, న్యూట్రల్-ఎర్త్ మధ్య వోల్టేజీ, మీటరు ముఖం మీదున్న ఆంపియర్లు, మీటరు నుంచి కారు దాకా దూరం, ఇప్పుడు వేసిన కేబుల్ మందం రాసి పంపండి. ఏ ఫేజ్‌కు మార్చాలో, ఉన్న కేబుల్ ఉంచాలో తీసేయాలో ఆ అంకెలు చూసి చెబుతాను.